నరాల డాక్టరు వస్తాడో రాడో

మా నాయనది ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే పని. ఏడాదిగా కుడిచెయ్యి వణుకుతోంది. చీర కుచ్చిళ్లు ఎలాగో చెక్కుతాడు గానీ, కళ్ల దగ్గర ఉలి పెట్టాలంటే భయం. కళ్లు లేని అమ్మవారు ఒకరు షెడ్డులో నిలబడే ఉన్నారు.

నంద్యాలలో చూపించిన ఇద్దరు డాక్టర్లూ, కర్నూలు నుంచి నెలకోసారి అక్కడికే వచ్చే నరాల డాక్టరును కలవమన్నారు. ఎప్పుడొస్తాడో ఫోన్‌లోని ఏఐని అడిగాను. అది వెబ్‌లో వెదికి, ఒక పేజీలో రెండో బుధవారం అని ఉంది, అయితే ఆ పేజీ ఎప్పటిదో తెలియడం లేదు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి అంది. ఆ క్లినిక్కుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. నేను పాఠాలు చెప్పే బడిలో నాకు మిగిలింది ఒక్కటే సెలవు. ఒళ్లు మండి, వస్తాడా రాడా ఒక్క ముక్కలో చెప్పమన్నాను. ఆ పేజీని బట్టి అయితే వస్తాడు అంది. నాకు ‘వస్తాడు’ అన్నదే వినిపించింది.

నాయనను బస్సెక్కించి తీసుకుపోయాను. డాక్టరు గదికి తాళం. తలుపు మీద పెన్నుతో రాసిన కాగితం. పక్కన మందుల షాపతను తలెత్తకుండానే అన్నాడు: “మూన్నెల్లాయక్కా ఆయప్ప రాక. కాగితం అంటిచ్చినాం గదా.”

తలుపు మీది కాగితం వెబ్‌కెలా తెలుస్తుంది? కనుక్కోమని అది చెప్పనే చెప్పింది. తప్పు నాదే. తిరుగు బస్సులో నాయన నన్నే కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. తిట్టినా బాగుండేది. ఆ విసుగులోనే, ఫోన్ మ్యాపులో ఆ క్లినిక్కు కింద రాశాను: ‘ఇక్కడికి నరాల డాక్టరు రావడం లేదు. పేషెంట్లను తిప్పకండి.’

నెల తర్వాత నాయనే అడిగాడు. “మళ్లా ఒకసారి చూడమ్మా. వస్తాండాడేమో.”

ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. ఏఐతో మళ్లీ వెదికించాను. డాక్టరు రావడం లేదని ఈమధ్య అక్కడికి వెళ్లినవారు ఒకరు రాశారు అని చెప్పింది. కింద నేను రాసిన ముక్కే ఉంది. ఊరూవాడా గాలించి నా మాటే నాకు తెచ్చిచ్చింది. అలసిపోయాను.

“రాడంట నాయనా” అన్నాను.

“ఎవురు చెప్పినారంట?”

“ఎవరో పోయి చూసొచ్చినారంట.”

ఆయన వణికే చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు. “పాపం, వాళ్లింట్లో గూడా ఎవురికి బాగలేదో” అన్నాడు.