రెండు వందల పన్నెండు వోల్టులు

ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలిందో, నేను బడిని వదిలానో ఇప్పటికీ తేలలేదు. ఇద్దరికీ హాయిగానే ఉండింది. అప్పటి నుంచి కోట ఊళ్ళో, కాలిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే వైండింగ్ పని చేస్తున్నాను. కాలిన మోటారు ఎందుకు కాలిందో వాసన చూసి చెప్పగలను. అంకెలు కనబడితే మాత్రం నాకే పొగ వచ్చేది.

పోయిన ఎండాకాలం ఆ పొగ నా షాపు దాకా వచ్చింది. సముద్రం వైపు రొయ్యల గుంటలున్న ఒక అక్క, చివరి గుంటలో ఏరియేటరు మోటారుకు రెండుసార్లు నా చేతే వైండింగ్ చేయించింది. రెండుసార్లూ కాలింది. ఏరియేటరు నీళ్ళను చిలక్కపోతే రొయ్యలకు గాలి చాలదు, పైకి తేలిపోతాయి. మూడోసారి మోటారు బిగించి వస్తుంటే అక్క తేల్చి చెప్పింది.

“ఏందబ్బయా, నువ్వు కట్టేది మోటారా, అగరొత్తా? ఈసారి కాలిందంటే కావలి షాపుకు పంపిస్తా. నువ్వు బోర్డు పీకేసి టీ కొట్టు పెట్టుకో.”

ఒక గుంట దగ్గర అన్న మాట సాయంత్రానికి అన్ని గుంటల గట్లూ తిరిగొస్తుంది. అక్క పోతే వెనకాలే అందరూ పోతారు.

నా వైండింగ్ మీద నాకు అనుమానం లేదు. అనుమానమంతా లైను మీదే. కరెంటు మీటరున్న షెడ్డు నుంచి ఆ గుంటకు చాలా దూరం, వేసింది సన్నటి అల్యూమినియం తీగ. వోల్టేజి చాలకపోతే మోటారు ఎక్కువ కరెంటు లాక్కుని వేడెక్కుతుంది. ఉత్త నోటితో చెబితే, తప్పు తీగ మీదికి తోస్తున్నానంటుంది. లెక్కతో చెప్పాలి.

లెక్కకు నా భార్య ఉంది. ఇంటర్ చదివింది, ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఆ పిల్లల మీద చూపే ఓపికలో పావు వంతు కూడా నా మీద చూపదు.

“ఏమయ్యా, వోల్టేజంటే తోసే బలం. కరెంటంటే పారేది. రెసిస్టెన్సంటే అడ్డం. పారేదాన్ని అడ్డంతో గుణిస్తే, దాన్ని దాటేదానికి ఎంత తోపు ఖర్చయిందో తెలుస్తాది.”

“అంటే మీ అమ్మ మాటల్ని నా ఓపికతో గుణించినట్టా?”

“మా అమ్మ జోలికొస్తే నీ కంచంలో వోల్టేజి తగ్గిపోతాది.”

మూడింట్లో రెండు తెలిస్తే మూడోది దానంతటదే దొరుకుతుందని అర్థమైన రోజు నాకు కాలు నిలవలేదు. మా ఇస్త్రీపెట్టె నాలుగు ఆంపియర్లు లాగుతుంది. రెండు వందల ముప్పైని నాలుగుతో భాగించాను, యాభై ఏడున్నర ఓములు. ప్లగ్గు పీకి మీటరు పెడితే యాభై ఏడు! ఇల్లంతా గంతులేశాను. ఇన్నేళ్ళూ ఈ విద్య లేకుండా మోటార్లు కట్టానా?

షాపులో అదే తీగ వంద మీటర్ల చుట్ట ఉంది. కొలిస్తే ఒకటీ పాయింట్ రెండు ఓములు. గుంటకు రెండున్నర చుట్టల దూరం, అంటే మూడు ఓములు. మోటారు ఆరు ఆంపియర్లు లాగుతోంది. ఆరు మూళ్ళు పద్దెనిమిది. షెడ్డులో రెండు వందల ముప్పై ఉంటే, గుంట దగ్గరికి రెండు వందల పన్నెండు. పద్దెనిమిది వోల్టులకే మోటారు కాలుతుందా అని చిన్న అనుమానం వచ్చింది. ఉత్సాహంలో పట్టించుకోలేదు.

పొద్దున్నే గట్టు మీద, అక్క ఎదుట, స్టార్టరు పెట్టె మూత మీద సుద్దముక్కతో 212 అని రాసి, మోటారు తిప్పి మీటరు పెట్టాను. నూట తొంభై నాలుగు.

“మోటారు కట్టేదే రాదనుకున్నా. లెక్కా రాదే!” అంది అక్క.

పక్కకు పోయి భార్యకు ఫోను చేశాను.

“దూరం ఎంత తీసుకున్నావు?”

“రెండున్నర చుట్టలు.”

“అది పోయేదానికి. మరి తిరిగొచ్చేదానికో?”

తలెత్తి చూస్తే స్తంభాల మీద పక్కపక్కనే రెండు తీగలు. వాటిని కట్టింది నేనే! కానీ పుట్టినప్పటి నుంచి చూసింది గుంటల నీళ్ళు. ఒక కాలవలో వస్తాయి, ఇంకో కాలవలో పోతాయి, మళ్ళీ బోరులోకి ఎవరూ ఎక్కించరు. లెక్కలో కరెంటునూ అట్లాగే గుంటలో వదిలేశాను. రానూపోనూ ఆరు ఓములు. ఆరార్లు ముప్పై ఆరు. మిగిలింది నూట తొంభై నాలుగు! నా కేకకు గట్టు మీది కొంగలు లేచిపోయాయి.

“మీటరు చూసినాక ఎవుడైనా చెప్తాడు,” అంది అక్క. “చూడకుండా చెప్పు.”

పక్క గుంట ఆ పంటకు ఖాళీ. దాని లైను, అదే తీగ, అవే స్తంభాల మీద ఊరికే వేలాడుతోంది. మెయిన్ ఆపి, ఒక్కో తీగకు దాని తీగను రెండు కొసలా కలిపాను. కరెంటుకు దారి రెండింతలు వెడల్పైంది కాబట్టి అడ్డం సగం. మూడు ఓములు. పోయేది పద్దెనిమిది.

“రెండు వందల పన్నెండక్కా!”

“మళ్ళీ అదేనా? నీకు ఇంకో అంకె రాదా?”

మెయిన్ వేసి మోటారు తిప్పాను. మీటరు తనే పట్టుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను.

“ఎంతొచ్చిందక్కా?”

“రెండు వందల పదకొండు. ఒకటి తగ్గింది,” అంది, నవ్వు ఆపుకుంటూ.

అంతటితో వదిలే మనిషి కాదు. మధ్యాహ్నం దాకా ఏరియేటరును తిప్పించి, ఆపించి, తెప్ప మీద గుంట మధ్యకు పోయి మోటారు మీద చెయ్యి పెట్టింది. ఇంతకుముందైతే చురుక్కుమని తీసేసేది. ఇప్పుడు తీయలేదు. నా షాపు బోర్డంతా ఆ అరచేతి కింద ఉన్నట్టు చూస్తూ నిలబడ్డాను.

గుంట మధ్య నుంచే అరిచింది.

“అబ్బయా! మూడో గుంట మోటారు గూడా మూలుగుతుండాది, ఎత్తుకోని పో. కావలి చానా దూరం. దార్లోనే సగం పోతాది.”