పొట్టకు ఆనించుకున్న ఫ్లాస్కు

తర్లుపాడులో మటన్ కొట్టు నడిపిన మామ గత వారం కన్నుమూశారు. ఆయన భార్య ఫోన్ చేసి, "మీ మామ పోయినాడమ్మా. నీ ఫ్లాస్కు ఇంట్లోనే ఉండాది, వచ్చి తీసుకపో" అన్నది. చర్చావేదికల మీద ఎదుటివారి వాక్యం పూర్తికాకముందే ఖండించే నేను "వస్తానత్తా" అని మాత్రం అని ఫోన్ పెట్టేశాను. ఆయనకు నేను క్షమాపణ చెప్పుకోవలసి ఉంది. రెండేళ్లుగా చెప్పలేదు.

మార్కాపురంలో డిగ్రీ చదువుతూ గొర్రె అండాల మీద ప్రాజెక్టు ఎంచుకున్నాను. కోసిన గొర్రె అండాశయాలు వెచ్చని ఉప్పునీటిలో కాలేజీకి చేరాలి. మొదటి ఆదివారం మామ వాటిని సోడా కొట్టు ఐసులో మూటగట్టి ఇచ్చారు. మాంసం చెడకూడదన్నది ఆయన వృత్తిధర్మం. ఆ చలికి అండాలన్నీ పాడయ్యాయి. మరుసటి ఆదివారం కొట్టుకు వెళ్లి, బేరానికి వచ్చినవారి ముందే, "అన్నీ చంపేసినావు మామా" అన్నాను.

"నా పనే అది గదమ్మా" అన్నారాయన కత్తి ఆపకుండా. అందరూ నవ్వారు. నేను నవ్వకుండా ఆయన అజ్ఞానం మీద ఉపన్యాసం దంచాను. అంతా విని, "ఎంత వెచ్చన ఉండాల?" అని మాత్రం అడిగారు.

"గొర్రె కడుపులో ఎంతుంటదో అంత."

ఆ కడుపు ఆయనకు తెలుసు. ప్రతి గొర్రె పొట్టనూ తడిమి, చూడిదైతే కోయకుండా వెనక్కి పంపేవారు. ఆ రోజు నేను తెచ్చిన ఫ్లాస్కులో వెచ్చని ఉప్పునీటితో అండాశయాలు పెట్టి, దాన్ని చొక్కా లోపల పొట్టకు ఆనించుకొని తానే బస్సెక్కి కాలేజీకి వచ్చారు. "ఫ్లాస్కును నమ్మేదేంది, ఒంటి వేడిని నమ్మాల" అన్నారు.

గొర్రెపిల్ల ఇంకా తల్లి కడుపులో ఉండగానే దాని అండాలు విభజన మొదలుపెట్టి, సగంలో ఆగిపోతాయి. మనుషుల్లోనూ అంతే. ఆ ఆగడం నిద్ర కాదు. చుట్టూ ఉన్న కణాలు ఎడతెగక సంకేతాలు పంపుతూ అండాన్ని ఏళ్ల తరబడి పట్టి ఉంచుతాయి. అండం విడుదలయ్యే వేళకు హార్మోను ఆ పట్టును సడలిస్తుంది. ఎదిగిన అండాన్ని అండాశయంలోని దాని నీటిబుడగలోంచి మనం బయటికి తీసినా, తనంతట తానే ముందుకు సాగగలదు.

మరునాడు కొట్టుకు సెలవు. మామ మళ్లీ వచ్చి సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టారు.

"ఇదేంది, పక్కన పూస మాదిరి?"

"ఆగిన విభజన సాగిందని గుర్తు మామా. అండం తన జన్యువుల సరుకులో సగాన్ని అట్ల బయటికి నెట్టేస్తాది."

"గొర్రెను నేను నిన్న పొద్దున కోసినా గదా. అంటే, అది పోయినాక ఇది మొదలుపెట్టిందా?"

"అవును."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

"మరి ఇప్పుడు?"

"మళ్లా ఆగింది. వీర్యకణం వస్తేనే కదులుతాది."

"రాకపోతే?"

ఒక్క రోజుకు మించి నిలవదని నాకు తెలుసు. ఆయన నా ముఖం చూసి, "చెప్పబాకలేమ్మా" అని మళ్లీ కన్ను ఆనించారు. "నా కత్తికి చిక్కనిది ఒకటుందన్నమాట."

నేను వందసార్లు చదివిన పాఠాన్ని ఆ రోజే మొదటిసారి చూశాను.

ఆ తరువాత ప్రతి ఆదివారం ఆయన ఫ్లాస్కుతో వచ్చారు. ఐసు గురించి ఆ రోజు అన్నదానికి క్షమించమని నేను నోరు తెరవబోయినప్పుడల్లా, "ఈసారి ఎన్ని కదిలినాయమ్మా?" అని అడ్డుపడేవారు.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. అత్త ఫ్లాస్కును కడిగి ఆరబెట్టి ఉంచింది. "బస్సులో అందరూ ఆటపట్టించేవాళ్లంట, పొట్టలో ఏంది దాచినావని. గుడ్లు పొదుగుతుండా అనేవాడంట మీ మామ" అని నవ్వబోయి ఆగిపోయింది.

తిరుగు బస్సులో సీటు దొరకలేదు. ఒక చేత్తో పైకమ్మీ పట్టుకొని, రెండో చేత్తో ఫ్లాస్కును పొట్టకు ఆనించుకున్నాను. అది ఖాళీదే. అయినా మార్కాపురం చేరేదాకా ఆ చెయ్యి తీయలేదు.