కంప్యూటరుకు టైము చెప్పే పని

బందరులో ఒక ప్రసూతి ఆసుపత్రి రిసెప్షన్లో నాలుగేళ్ళు పనిచేశాను. గుడివాడ నుంచి పొద్దున్నే పాసింజరులో వచ్చేదాన్ని. రాగానే మొదటి పని కంప్యూటరుకు టైము చెప్పడం. దాని లోపల ఉండే బొత్తామంత బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు పోయి వచ్చిందంటే అది ఎప్పటిదో పాత సంవత్సరం జనవరి ఒకటో తేదీ చూపించేది. కొత్త బ్యాటరీ వేయించమని డాక్టరుగారికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "చూద్దాంలేమ్మా" అనేవారు.

నల్ల తెర తెరిచి డేట్ అని కొడితే, తనకు తెలిసిన తేదీ చూపించి, కొత్తది ఇమ్మనేది. టైమ్ అని కొడితే గంటా నిమిషమూ అడిగేది. మధ్యాహ్నం రెండయితే పద్నాలుగని కొట్టాలి. ఏది ఇచ్చినా నమ్మేది, మారు మాట్లాడేది కాదు. నేను చెప్పిన మాటను అంత తొందరగా ఒప్పుకున్నవాళ్ళు మా ఇంట్లో కూడా ఎవరూ లేరు.

ఆ టైముకి అక్కడ చాలా విలువ. లేబర్ రూములో బిడ్డ ఏడవగానే ఆయా బెల్లు నొక్కేది. అది వినగానే నేను ఒక మీట నొక్కితే, పుట్టిన టైముతో చీటీ వచ్చేది. టైము దానంతట అదే పడుతుంది, చేత్తో దిద్దడానికి వీల్లేదు. నర్సు కూడా ఆ చీటీ చూసే కేస్ షీటులో రాసుకునేది. బయట కూర్చున్నవాళ్ళు ఆడా మగా అని అడిగాక, రెండో ప్రశ్న ఎన్నింటికి అనే. మరో ఐదు నిమిషాల్లో పంతులుగారికి ఫోను వెళ్ళిపోయేది.

ఒకసారి నాగాయలంక వైపు నుంచి ఒకాయన చెల్లెల్ని పురిటికి తీసుకొచ్చాడు. సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. తల్లీ తండ్రీ లేకపోతే ఆమెను పెంచి పెళ్ళి చేసింది ఆయనే. భర్త బోటు మీద ఉన్నాడని ఆమె అత్తగారు కూడా వచ్చింది. ఆ ఉదయం కరెంటు పోయి, జనరేటరు వేసేలోపు కంప్యూటరు ఆగిపోయింది. మళ్ళీ వెలిగేసరికి లోపల హడావుడి మొదలైంది. నా ఫోను మందుల షాపులో చార్జింగులో ఉంది. తలెత్తి గోడ గడియారం చూసి టైము కొట్టేశాను. కాసేపటికి బెల్లు మోగింది, మీట నొక్కాను. ఆడపిల్ల. పన్నెండూ పన్నెండు.

ఆ గోడ గడియారాన్ని డాక్టరుగారు ఇరవై నిమిషాలు ముందుకు పెట్టించారు, స్టాఫ్ డ్యూటీకి ఆలస్యం కాకూడదని. ఆ సంగతి మాకందరికీ తెలుసు. ఇరవై తీసేసి చూసుకుని, ఎప్పట్లాగే ఆలస్యంగా వచ్చేవాళ్ళం. ఆ రోజు నేను తీసేయడం మర్చిపోయాను.

చల్లపల్లి పంతులుగారు ఫోనులో చెప్పింది ఇదీ. పన్నెండింటికి కృత్తిక వెళ్ళి రోహిణి వచ్చింది. రోహిణిలో పుడితే మేనమామకు గండం. శాంతి చేయించి, గిన్నెలో నూనె పోసి అందులో బిడ్డ ముఖం చూసేదాకా ఆయన బిడ్డను చూడకూడదు. అత్తగారు ఫోను పెట్టేసి గది గుమ్మంలో నిలబడింది. ఆయన అప్పటికే చేతులు కడుక్కుని, చొక్కాకు తుడుచుకుంటూ వస్తున్నాడు.

"ఆగు బాబూ, నువ్వు చూడకూడదంట" అంది.

ఎల్లుండి బోటెక్కాలి, మళ్ళీ ఎప్పుడొస్తానో తెలీదని ఆయన ఒక్కసారి చెప్పి చూశాడు. తర్వాత వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

మందుల షాపు నుంచి ఫోను తెచ్చుకుని చూస్తే పన్నెండున్నర. కంప్యూటరులో పన్నెండూ యాభై. చీటీలో ఇరవై తీసేస్తే పదకొండూ యాభైరెండు, అంటే కృత్తికే. నాకు ఈ గండాల మీద నమ్మకం లేదు. కానీ ఆయన్ని ఆ బెంచీ మీద కూర్చోబెట్టింది గ్రహాలు కాదు, నేను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

వెళ్ళి అత్తగారికి జరిగింది చెప్పాను. "గోడ మీదా అంతే ఉందమ్మా, నేను కళ్ళారా చూశాను" అంది. అదీ తప్పేనండి, ఇరవై నిమిషాలు ముందుంటుంది అన్నాను. "ఆసుపత్రిలో గడియారం కావాలని ఎవరైనా తప్పు పెట్టుకుంటారా?" అంది. ఆ ప్రశ్న సబబే. అప్పుడు నేను ఒక తెలివితక్కువ పని చేశాను. ఆవిణ్ణి కౌంటరు లోపలికి పిలిచి, నల్ల తెర తెరిచి, టైమ్ అని కొట్టి, "ఇదిగో, ఇక్కడే తప్పు కొట్టానండి, ఇప్పుడు సరిచేస్తున్నాను" అని ఆవిడ కళ్ళముందే ఇరవై నిమిషాలు వెనక్కి పెట్టాను.

ఆవిడ తెరవంక చూసింది, నావంక చూసింది. "అయితే నువ్వెంత కొడితే అంతేనన్నమాట" అంది. "ఆ అబ్బాయి వచ్చి బతిమాలుకుని ఉంటాడు. నీది జాలిగుండె తల్లీ. ఇలాంటివాటిల్లో జాలి పనికిరాదు" అంది. కోపంగా కూడా కాదు, నా భుజం మీద చెయ్యి వేసి మరీ అంది. ఆవిడ మీద ఒళ్ళు మండింది. చూపించినందుకు నా మీద నాకు ఇంకా మండింది.

లోపల పడుకున్న చెల్లెలికి కూడా చెప్పాను. తర్వాత బెంచీ దగ్గరికి వెళ్ళాను.

"అన్నయ్యగారూ, ఒట్టండి, పదకొండూ యాభైరెండే."

"నిజమేనమ్మా. మీకు అబద్ధమాడాల్సిన పనేముంది?"

"మరి వెళ్ళి చూడండి. ఆవిడ సంగతి నేను చూసుకుంటాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "సముద్రం మీద తిరిగేవాళ్ళమండీ. రేపు నాకేదన్నా అయిందనుకోండి, పుట్టగానే మేనమామని మింగేసిందని ఆ పిల్లనంటారు. పెద్దయ్యేదాకా అంటానే ఉంటారు. వద్దులెండి."

మర్నాడు డిశ్చార్జి. సామాన్లన్నీ ఆయనే ఆటోలో సర్ది, పక్కకు తప్పుకున్నాడు. ఆటో కదులుతుండగా, అత్తగారు అటు తిరిగి ఉండటం చూసి, చెల్లెలు పొత్తిగుడ్డ తొలగించి బిడ్డ ముఖాన్ని అన్నవైపు తిప్పింది. ఆయన గబుక్కున గోడవైపు తిరిగి, అక్కడున్న బోర్డు చదవడం మొదలుపెట్టాడు. ఆటో మలుపు తిరిగేదాకా చదువుతూనే ఉన్నాడు. అడ్మిషన్ కాగితం మీద ఆయన వేలిముద్ర వేయించుకుంది నేనే.