రెండో పిడికిలి

అనంతసాగరం అవతల ఆ పల్లెలో మందిరం తలుపు పైన ఒక ఇనుప కొక్కెం ఉంది. దీపం తగిలించడానికి దొరల కాలంలో కొట్టించారని ముసలివాళ్ళు చెబుతారు గానీ, దానికి దీపం ఉండగా చూసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరూ చూసింది కోతల పండుగ నాడు దానికి వేలాడే వరి కంకుల కుచ్చునే. ఆ రోజు జనం గుమ్మడికాయలూ, కందులూ, కొత్త బియ్యమూ, కాళ్ళు కట్టిన కోళ్ళూ పట్టుకుని వాకిట్లోనే నిలబడతారు. కొక్కేనికి కుచ్చు కట్టి, పాస్టరుగారు ప్రార్థన చేశాకే లోపలికి అడుగు పెడతారు.

ఆ కుచ్చు అల్లేది నాగులమ్మ భర్త జోయల్. అంతకు ముందు జోయల్ నాయన అల్లేవాడు, ఆయనకు ముందు తాత.

నాగులమ్మది కలువాయి దగ్గర పల్లె. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే నాట్లకు దిగింది. కొన్నాళ్ళకు ఆడవాళ్ళ జట్టుకు తనే పెద్దయింది. ఊళ్ళో ఎవరి కయ్యలో వరి నాటాలన్నా ముందు ఆమె ఇంటికి కబురు వచ్చేది. సారా కొట్టు మూసెయ్యాలని ఆడవాళ్ళు కాలువ కట్ట మీద కూర్చున్నప్పుడు చాప పరిచింది కూడా ఆమే. ఇంత చేసిన మనిషికి కుచ్చు దగ్గర మాత్రం పని ఒకటే ఉండేది. జోయల్ తెచ్చిన కంకుల్ని తడిగుడ్డ మీద పరిచి, పొడుగువి ఒక పక్కా పొట్టివి ఒక పక్కా వేసి, ఆయన చెయ్యి చాపినప్పుడల్లా ఒకటి అందించడం. అల్లడం మగవాళ్ళ పని అని ఎవరూ రాసిపెట్టలేదు. అలా జరుగుతూ వచ్చింది, అంతే.

సారా నిలిచిపోయిన మరుసటి ఏడు, నాట్ల నడుమ జోయల్‌కు కామెర్లు వచ్చాయి. నెల్లూరు తీసుకుపోయినా మనిషి దక్కలేదు. నాగులమ్మ మళ్ళీ బురదలో దిగేసరికి ఊరంతా నాట్లు అయిపోయాయి, ఓబులమ్మ కయ్య ఒక్కటి తప్ప. ఓబులమ్మ పెద్ద రైతు రామనారాయణ భార్య. కాలువ చివరనున్న ఆ కయ్యలో, ఇంటి తిండికని, ఆమె పట్టుబట్టి మొలగొలుకులనే పాతకాలపు వరి వేయిస్తుంది. వేరే ఊరి జట్టును పిలుద్దామని భర్త ఎంత చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. నాగులమ్మ వచ్చి కంటినీళ్ళు తుడుచుకుంటూనే ఆ కయ్య నాటింది. ఓబులమ్మ గట్టు మీద కూర్చుని చూసింది.

పండుగకు ముందు ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద కామయ్య లేచాడు. జోయల్ లేని మొదటి పండుగ కాబట్టి ఈసారికి ఆత్మకూరు నుంచి రంగు కాగితాల తోరణం తెచ్చి కడదామని, దేవుడు తప్పు పట్టడని అన్నాడు. ఆయన మనసులో చెడు లేదు. జోయల్‌కు అన్న వరస. కానీ కాగితం అనే మాట నాగులమ్మకు ముల్లులా గుచ్చుకుంది.

"కుచ్చు నేను అల్లతా బావా" అంది కూర్చున్న చోటి నుంచే.

ఎన్నడూ కుచ్చు అల్లిన చెయ్యి కాదు కదా అన్నాడు కామయ్య. పైగా మనిషి పోయి ఏడాది తిరగలేదు, పండుగ పనికి ముందు నిలబడితే నలుగురూ ఏమనుకుంటారో అన్నాడు.

"నలుగురూ తినేది నేను నాటిన బువ్వే గదా. అప్పుడేమీ అనుకోలేదే."

ఆడవాళ్ళ వైపు నవ్వు లేచింది. కామయ్య కూడా నవ్వు ఆపుకోలేక కండువా సర్దుకున్నాడు. మాట అయితే పడింది. ఇక కుచ్చు రాకపోతే పోయేది ఆమె పరువొక్కటే కాదు, జోయల్ ఇంటి పేరు కూడా ఆ కొక్కెం మీద నుంచి దిగిపోతుంది.

మర్నాడే తమ కయ్యలోకి పోయింది. దేవుడికిచ్చేది బాగా పండినదై ఉండాలని, బంగారంలా మెరిసే బరువు కంకుల్ని ఏరి ఏరి కోసింది. ఇంటికొచ్చి అల్లడానికి కూర్చుంది. కంకిని మెడ దగ్గర వంచితే చాలు, గింజలు జలజలా రాలాయి. మళ్ళీ కోసుకొచ్చింది, మళ్ళీ రాలాయి. రోజంతా కూర్చున్నా చేతిలో ఉత్త గడ్డీ, ఒడిలో వడ్లూ మిగిలాయి.

అప్పుడు గుర్తొచ్చింది. జోయల్ తెచ్చే కంకులు ఎన్నడూ బంగారం రంగులో ఉండేవి కావు. గింజ గట్టిపడి, మెడలో పచ్చదనం పోనివి తెచ్చి నీడన దాచేవాడు. తను ఏటా ఎగతాళి చేసేది, పచ్చివాటితో దేవుణ్ణి సరిపెడతావా అని. ఆయన నవ్వేవాడే గానీ బదులు చెప్పేవాడు కాదు. ఎందుకు చెప్పలేదయ్యా అని, మేకుకు వేలాడుతున్న ఆయన తువ్వాలు వైపు చూసింది. పోయిన రోజు నుంచి ఆ తువ్వాలును ఆమె ఉతకలేదు, అక్కణ్ణుంచి తియ్యలేదు.

ఊళ్ళో సగం కయ్యలు కోసేశారు, మిగతావి ముదిరిపోయాయి. పచ్చ మెడ కంకి ఉన్నది ఒక్క చోటే, ఓబులమ్మ కయ్యలో. కానీ ఆ ఇంటి పద్ధతి అందరికీ తెలుసు. పొంగలి పెట్టి మొదటి పిడికిలి పోలేరమ్మకు ఇవ్వకుండా ఆ పైరులో కొడవలి పడదు. పొంగలి చూస్తే వచ్చే వారం. పండుగ ఈ ఆదివారమే.

గురువారం పొద్దున నాగులమ్మ ఆ ఇంటికి పోయింది. ఓబులమ్మ వసారాలో కందులు చెరుగుతోంది.

"ఏంమే నాగులా, కోతకు ఇంకా వారం ఉండాదే" అంది.

నాగులమ్మ జరిగిందంతా చెప్పింది. ఓబులమ్మ చేట ఆపలేదు.

"అమ్మోరికి పెట్టకముందు మా పైరు మీద చెయ్యి పడదని నీకు తెలవదా?"

"తెలుసమ్మా. తెలిసే వచ్చినా. కాదంటే పోతా."

చేట ఆగింది. ఓబులమ్మ లోపలికి తిరిగి, పొంగలి రేపే పెడుతున్నామని భర్తతో చెప్పింది. రామనారాయణ బయటికొచ్చి, అనుకున్నది వచ్చే వారం కదా, మాట మారిస్తే ఎట్లా అని గొణిగాడు.

"వారం ముందు బువ్వ పెడితే ఏ తల్లికన్నా కోపమొస్తాదా?" అంది ఓబులమ్మ. ఆయన మళ్ళీ లోపలికి పోయాడు.

తర్వాత నాగులమ్మ వైపు తిరిగింది. "మొదటి పిడికిలి ఆయమ్మది, రెండోది మీ దేవునిది. వాళ్ళేమీ గట్టు కాడ తగువులాడుకోరులే."

మీ కయ్య ఇంకా పచ్చగా ఉండబట్టి సరిపోయిందమ్మా అంది నాగులమ్మ.

"అది నీ వల్లే గదమే. నీ కోసరం కాచుకోనుంటిని, ఆలస్యమైంది. నువ్వు ఏడస్తా నాటిన పైరు అది. ఇంకెవురికిచ్చేది?"

శుక్రవారం గట్టు మీద మూడు రాళ్ళ పొయ్యి పెట్టి పొంగలి పొంగించారు. ఓబులమ్మ మొదటి పిడికిలి కోసి, పసుపు రాసిన రాయి ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంది. కొడవలి తుడిచి నాగులమ్మ చేతికిచ్చింది.

ఇంటికొచ్చి నాగులమ్మ మేకు మీది తువ్వాలు తీసింది. కాసేపు ముఖానికి పెట్టుకుని, నీళ్ళలో ముంచి పిండి, నేల మీద పరిచింది. కంకులన్నీ దాని మీద పేర్చింది. అల్లిక ఎట్లాగో ఆమెకు ఎవరూ నేర్పలేదు. కానీ ఏ కంకి తర్వాత ఏ కంకి కోసం ఆయన చెయ్యి చాపేవాడో ఆమె చేతికి తెలుసు. పొడుగుది, పొడుగుది, పొట్టిది. తనకు తానే అందించుకుంటూ పోయింది. తప్పినచోట విప్పి మళ్ళీ వేసింది. శనివారం సాయంత్రానికి కుచ్చు తయారైంది. ఎత్తి చూస్తే ఎడమకు కొంచెం వాలింది. దులిపి చూసింది, ఒక్క గింజ రాలలేదు. మిగిలిన కంకులతో చిన్న కుచ్చు ఇంకొకటి అల్లింది.

ఆదివారం వాకిలి నిండా జనం. కామయ్య స్టూలు తెచ్చి వేసి, కుచ్చు కోసం చెయ్యి చాపాడు. నాగులమ్మ ఇవ్వలేదు.

"స్టూలు గట్టిగా పట్టుకో బావా" అంది.

ఆయన వంగి రెండు చేతులతో స్టూలు పట్టుకున్నాడు. ఆమె కొంగు బిగించి, ఎక్కి, కొక్కేనికి కుచ్చు కట్టింది. వెనకాల ఎవరో వాలినట్టుందే అన్నారు.

"వాలితే వాలనీ. గింజ రాలిందా?" అంది పైనుంచే.

పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థన అయ్యాక, అందరి కంటే ముందు కామయ్య ఆమెనే లోపలికి నడవమన్నాడు.

ఆరాధన ముగిశాక నాగులమ్మ చిన్న కుచ్చును కొంగు కింద దాచుకోకుండా చేతిలో ఎత్తి పట్టుకుని, వీధి నడుమ నడిచిపోయి ఓబులమ్మ ఇంటి చూరుకు కట్టి వచ్చింది.

ఆ తర్వాత ఏటా ఆ పల్లె మందిరం కుచ్చు ఎడమకు కొంచెం వాలే వేలాడింది. పండుగకు వచ్చిన చుట్టాలు అదేంది వంకరగా ఉండాదే అని అడిగితే, అది మా నాగులమ్మ అల్లిక అని కామయ్యే చెప్పేవాడు, పక్కవాళ్ళకు కూడా వినబడేట్టు.