పొద్దు గూకే పటం

ఒక్క మాట ఏళ్లుగా నా గుండె మీద కూర్చుని ఉంది. దాన్ని దించాలంటే ఎవరికో ఒకరికి చెప్పాలి. ఇంట్లో చెప్పలేను, నా భార్యకు ఆ కుటుంబం తెలుసు. బజారులో చెప్పలేను, నా వ్యాపారమే ఇప్పుడు ఆ మాట మీద నడుస్తోంది. అందుకే ముక్కూ ముఖమూ తెలియని మీకు రాస్తున్నాను. నా పేరు అడగకండి. నాందేడ్‌లో నాకొక ఫర్నిచర్ దుకాణం ఉంది, ఏ గల్లీలోనో చెప్పను. సోఫాలు, మంచాలు, టీపాయ్‌లు, వాటితో పాటు గోడలకు పెట్టే పటాలు అమ్ముతాను. అంతవరకు తెలిస్తే చాలు.

నేను నోరున్న మనిషిని. దుప్పటి కొనడానికి బజారుకొచ్చిన వాళ్లకు కూడా మంచం అంటగట్టగలను. ఆ నోటిని చూసి మురిసిపోయిన రోజులున్నాయి. ఇప్పుడు అద్దంలో దాన్ని చూసుకోవడానికే ఇష్టం లేదు.

ముఖేడ్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒక కుటుంబం మా దుకాణానికి వచ్చింది. కిరాణా వ్యాపారం వాళ్లది. మాలాగే ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. తల్లి, ఒక్కగానొక్క కొడుకు, కొత్త కోడలు. కోడలి పేరు మార్చి రాయవచ్చు, కానీ ఇంకో అబద్ధం ఎందుకు? ఆమె అనే రాస్తాను. ఎవరి గురించి చెబుతున్నానో తెలియడానికి అది చాలు.

తల్లికి ముదురు ఎరుపు సోఫా నచ్చింది. చేతుల మీద బంగారు రంగు పూల చెక్కడం, సింహాసనంలా ఉంటుంది. చాలాకాలంగా కదలకుండా నా దుకాణంలో సగం చోటు ఆక్రమించిన సోఫా అది. నేను దాన్ని పొగడడం మొదలుపెట్టాను. ఆమె మెల్లగా అత్తగారి చెవిలో చెప్పింది, మన హాలు చిన్నది, ఇది పెడితే నడవడానికి దారి ఉండదు, చెక్కడం లేని లేత రంగుది తీసుకుందామని. ఆమె చెప్పింది నిజమే. అయినా నాకు చిర్రెత్తుకొచ్చింది. సరే, సోఫా పోతే పోయిందని గోడకు గుర్రాల పటం చూపించాను. నీళ్లలో పరుగెత్తే ఏడు తెల్ల గుర్రాలు. మా వైపు కొత్త ఇల్లు కట్టినవాళ్లు అదొకటి తీసుకోకుండా వెళ్లరు. ఆమె పటం దగ్గరికి పోయి, వేలితో ఒక్కో గుర్రాన్నీ చూసి, ఆపుకోలేక నవ్వేసింది.

“అత్తమ్మా, ఈ నడిమి గుర్రానికి ముంగటి కాళ్లే లేవు. ఇదెట్ల ఉరుకుతది?”

అత్తగారు పగలబడి నవ్వింది. కొడుకు నవ్వాడు. మా దుకాణంలో పనిచేసేవాళ్లు కూడా ముఖాలు అటు తిప్పుకొని నవ్వారు. నేనూ నవ్వాను. కానీ తల కొట్టేసినట్టయింది. ఆ పటం నేను అప్పటికి ఎందరికో అమ్మాను. ఒక్కరు కూడా ఆ కాళ్ల సంగతి చూడలేదు. నేనూ చూడలేదు.

ఇంతేనా, ఇంత చిన్నదానికా అని మీరు అడుగుతారు. నేను కూడా నన్ను అదే అడిగాను. అవును, ఇంత చిన్నదానికే.

ఆమె ఎంచుకున్న లేత రంగు సోఫానే కొన్నారు. దాన్ని బిగించడానికి మనుషులను తీసుకుని నేనే ముఖేడ్ వెళ్లాను. హాల్లో సోఫా వెనక గోడకు ఒక పటం ఉంది. ఆమె వేసింది. ఆమె పుట్టిల్లు బాబ్లీ, గోదావరి ఒడ్డు. పెళ్లికి ముందు వేసుకున్న బొమ్మట, వాళ్ల నాన్న ఫ్రేము కట్టించి ఇచ్చాడట. పడమట పొద్దు గూకుతోంది. ఒడ్డున కట్టేసిన పడవ. నీళ్ల మీద ఆ వెలుగు ఎంత నెమ్మదిగా పరుచుకుందో నేను చెప్పలేను. నా దుకాణంలో అంత మంచి పటం ఒక్కటి కూడా లేదు. ఆ సంగతి చూసిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది.

తల్లి మురిపెంగా అడిగింది, “మా కోడలే ఏసింది బిడ్డా. ఎట్లున్నది?”

బాగుందని అనాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నాలుక మీద ఇంకేదో ఉంది. నేను పటం వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాను.

“మంచిగనే ఉన్నది గని అమ్మా, పొద్దు గూకే పటం కూసునే అర్రల పెట్టరు. పడవ సూడు, ఖాళీ ఉన్నది. ఇంట్ల బరకత్ ఉండది, ఏదీ కలిసిరాదు.”

ఇది నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఎక్కడ చదివాను? ఎక్కడా లేదు. నాకు వాస్తు తెలియదు, శాస్త్రం తెలియదు. ఆ నిమిషంలో, ఆ గోడ ముందు, ఆమె నవ్విన నవ్వుకు బదులుగా పుట్టించిన మాట అది. తల్లి ముఖంలో మురిపెం ఆరిపోయింది. గ్లాసుల్లో చాయ్ తెస్తున్న ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెబితే మీరు ఇక్కడితో చదవడం ఆపేస్తారు. కానీ అనిపించింది. దాచి ఏం లాభం?

కొద్ది రోజులకే తల్లి వచ్చి గుర్రాల పటం కొనుక్కుపోయింది. ఆమె తన పటాన్ని పారేయలేదు. హాల్లోంచి తీసి తన పడకగదిలో పెట్టుకుంది. అప్పటికే ఆమెకు నెల తప్పింది. తర్వాత అయిదో నెలలో కడుపు పోయింది.

ఆ కబురు నాకు ఆ తల్లే మోసుకొచ్చింది. దుకాణంలో కూర్చుని ఏడుస్తూ, నలుగురూ వింటుండగా చెప్పింది, నువ్వు ముందే చెప్పినవు బిడ్డా, అది ఇనలేదు, ఆ పీడను మంచం ఎదురుంగనే పెట్టుకున్నదని. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. అమ్మా, అదంతా నేను పుట్టించిన మాట, కడుపు పోవడానికి వంద కారణాలుంటాయి, డాక్టర్‌ను అడుగు అని. నేను తల వంచుకుని కూర్చున్నాను. నా మౌనాన్ని ఆవిడ పెద్దరికమనుకుంది.

కడుపు పోగొట్టుకుని పచ్చి ఒంటితో మంచం మీద ఉన్న పిల్లకు, నీ చేత్తో వేసిన బొమ్మే నీ బిడ్డను తిన్నదని చెప్పారు. ఆమె పటం తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. పటం వదిలేసి, తప్పయిందని అత్తగారితో అంటేనే ఇంట్లోకి రమ్మన్నారు. ఏం తప్పు చేశానని అలా అనాలి అంది ఆమె.

ఈలోగా నా పేరు పాకింది. ఆ దుకాణం ఆయన గోడ చూసి చెప్తాడని జనం రావడం మొదలైంది. నాందేడ్‌లోనే కాదు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా. నేను కాదనలేదు.

ఒక మధ్యాహ్నం కొడుకు ఒక్కడే వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. గోడకు ఏ పటం పెట్టాలో నన్ను అడిగి తెలుసుకోవడానికి వచ్చిన ఒక కుటుంబం అప్పుడు దుకాణంలో ఉంది. అతను నన్ను పక్కకు పిలిచాడు. కానీ మా దుకాణంలో పక్క అంటే రెండు అల్మారాల మధ్య సందు. వాళ్లకు అన్నీ వినిపిస్తాయి.

“అన్నా, ఒక్క మాట సచ్ చెప్పు. ఆ పటంల నిజంగనే దోషం ఉన్నదా?”

“ఎందుకు తమ్మీ ఇప్పుడు?”

“మా అమ్మ నీ మాట తప్ప ఎవ్వలి మాట ఇంటలేదు. నువ్వు లేదు అను సాలు. గిప్పుడే బాబ్లీ పోయి ఆమెను తోల్కొస్త. అమ్మకు నేను చెప్పుకుంట.”

అల్మారాల అవతల మాటలు ఆగిపోయాయి. వాళ్లు వింటున్నారు. లేదంటే ఏమవుతుందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఆ తల్లి వచ్చి దుకాణం ముందు నన్ను దులిపేస్తుంది, బజారంతా నవ్వుతుంది. ఇంకో నవ్వుకు నేను సిద్ధంగా లేను.

“ఉన్నది,” అన్నాను.

“గట్టిగనే చెప్తున్నవా అన్నా?”

“గట్టిగనే.”

అతను చెప్పులు వేసుకోవడానికి వంగి, చాలాసేపు లేవలేదు. నేను వెనక్కి తిరిగి ఆ కుటుంబానికి పటాలు చూపించాను. రెండు అమ్మాను.

మొదటి మాటకు నేను సాకులు చెప్పుకోగలను. నోరు జారిందని, అత్తాకోడళ్లకు ముందే పడలేదేమోనని, ఈ పటం కాకపోతే ఇంకోటి దొరికేదని. ఏళ్ల తరబడి ఇలాగే సముదాయించుకున్నాను. రెండో మాటకు సాకు దొరకలేదు. ఎంత వెతికినా దొరకలేదు. అప్పుడు ఎవరూ నన్ను చూసి నవ్వలేదు. ఒక మనిషి తన భార్యను ఇంటికి తెచ్చుకోవడానికి నన్ను అనుమతి అడిగాడు, నేను ఇవ్వలేదు.

వాళ్లకు విడాకులయ్యాయి. కొడుకుకు మళ్లీ పెళ్లి కుదిరినప్పుడు ఆ తల్లి స్వయంగా వచ్చి పసుపు రాసిన కార్డు నా చేతిలో పెట్టింది. దేవుని తర్వాత నీకే ఇస్తున్న బిడ్డా అంది. వెళ్లాను. పెళ్లికొడుకు నాకు నమస్కారం పెట్టాడు కానీ నా కళ్లలోకి చూడలేదు. భోజనానికి కూర్చున్నాను. తినలేకపోయానని రాయాలని ఉంది. తిన్నాను. మారు కూడా వడ్డించుకున్నాను.

ఆ తర్వాత ఈ గోడలు చూసే పని మానేశానా? లేదు. ఇప్పటికీ పిలిస్తే వెళ్తాను. ఇంట్లో ఎవరైనా ఆడపిల్ల వేసిన బొమ్మ కనిపిస్తే మాత్రం ఇది చాలా మంచిది, కదిలించకండి అంటాను. దాంతో లెక్క సరిపోతుందనుకుంటానా? ఏమో. సరిపోదని తెలిసే అంటాను.

బాబ్లీ ఇక్కడికి దూరమేమీ కాదు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. ఆమె అక్కడే ఉంటుందని, బొమ్మలు వేయడం మానేసిందని విన్నాను. ధర్మాబాద్ దాకా సరుకు దించడానికి ఎన్నోసార్లు వెళ్లాను. అక్కడి నుంచి బండి వెనక్కి తిప్పుకొచ్చాను. వెళ్లి ఆమె గుమ్మంలో నిలబడితే ఏం అంటాను? క్షమించమంటానా? అది అడగడం కూడా ఆమె దగ్గర ఇంకోటి లాక్కోవడమే కదా?

అందుకే, ఆ సందులో నిలబడి అతను అడిగినదానికి జవాబు మీ ముందు చెబుతున్నాను. లేదు తమ్మీ. ఆ పటంల ఏ దోషం లేదు. ఏనాడూ లేకుండె. నేను అబద్ధం చెప్పిన. పో, పోయి ఆమెను తోల్కరా.

చెప్పేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ ఊపిరి కూడా నాకే దక్కింది. ఆమెకు ఇందులో ఏమీ దక్కలేదు.