నా ఉపన్యాసంలోకి వచ్చిన మేక

పేరు ఒక్కసారి అచ్చులో చూసుకున్నవాడికి కొన్నాళ్లపాటు కాళ్లు నేలకు ఆనవు. నాకు ఆ జబ్బు పందొమ్మిది వందల యాభైల నడుమ, ఇరవై రెండేళ్ల వయసులో తగిలింది. పగలు దఫ్తరులో గుమాస్తాగిరీ, సాయంత్రం శాలిబండలో మా ఇంటి అరుగు మీద పిల్లల కథలు రాయడం. ఒక వారపత్రికవాళ్లు పిల్లల పేజీలో నాలుగు వేశారు. నాలుగింటిలోనూ ఒక కుందేలు పెద్దల మాట వినక చెడిపోతుంది. (పిల్లలెవరైనా వాటిని చదివారా అని నేను ఆరా తీయలేదు. పిల్లల రచయితకు పిల్లలతో పనేమిటి?) అలా తేలిపోతున్న రోజుల్లోనే ఒక కార్డు వచ్చింది. పత్తర్‌గట్టి వెనక ఒక బడిలో బాలసాహిత్య సభ పెడుతున్నారట, 'పిల్లల కథల్లో నీతి' మీద నేను మాట్లాడాలట.

పదకొండు పేజీల ఉపన్యాసం రాశాను. అంతా గ్రాంథికమే. వంటింటి గడప దగ్గర నిలబడి వదినకు చదివి వినిపిస్తే, ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ రెండు పేజీలు ఓపిక పట్టి, "ఏందయ్యా గిది? మామ గుళ్ల చెప్పే సంకల్పమన్న ఇంతకన్న అల్కగ సమజైతది," అంది. మామంటే మా నాన్న, గుళ్లో పూజారి. "ఇది సాహిత్యం, వదినా," అన్నాను. "గట్లనా," అని ఆమె మళ్లీ చాట వైపు తిరిగింది.

ఆ శనివారం సెలవు పెట్టి వెళ్లాను. వేదిక మీద ఎనిమిది మంది రచయితలున్నారు, కింద ఆరుగురు శ్రోతలు. ఆ ఆరుగురిలో ఇద్దరు తమ వంతు కోసం కూర్చున్న రచయితలే. సభ కార్యదర్శికి చెమటలు పట్టాయి. పరుగున బయటికి పోయి, పక్క వీధి ఉర్దూ మీడియం బడి నుంచి మూడు తరగతుల పిల్లల్ని వాళ్ల లెక్కల మాస్టరుతో సహా తోలుకొచ్చాడు. "వీళ్లకు తెలుగొస్తదా?" అని నేనడిగితే, "వస్తే ఏంది, రాకుంటే ఏంది భాయ్! కుర్సీలు నిండినయ్ గద," అన్నాడు. అధ్యక్షులవారు దయగల మనిషి. నేను మాట్లాడేది మాస్టరు ఒక్కో వాక్యం ఉర్దూలో చెప్పాలని ఏర్పాటు చేశారు. మాస్టరు రూమీ టోపీ సర్దుకుంటూ నా పక్కకొచ్చి, "తెలుగు నాకు థోడా థోడా వస్తది సాబ్, ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు. (ఉర్దూ నాకే బాగా వచ్చు. నేను చదువుకున్నదే ఉర్దూలో. కానీ పదకొండు పేజీలు ఏం కావాలి?)

"బాలల హృదయములనెడి పొలములందు నీతులనెడి విత్తనములను వెదజల్లువాడే బాలసాహిత్యకారుడు," అని మొదలుపెట్టాను. మాస్టరు ఒక్క క్షణం ఆలోచించి, "ఏక్ ఖేత్ థా," అన్నాడు. అనగనగా ఒక పొలం, అందులో విత్తనాలు చల్లుతున్న ఒక రైతు. ఫరవాలేదు, దగ్గర్లోనే ఉన్నాడనుకున్నాను. "కుసాహిత్యమనెడి పశువు ఆ మొలకలను భక్షించుచున్నది," అన్నాను. "ఇత్నే మే ఏక్ బక్రీ ఆ గయీ!" అంటూ ఆయన పొలంలోకి మేకను తోలాడు. పిల్లలు నవ్వారు. తల్లిదండ్రుల బాధ్యత గురించి నేనొక వాక్యం చదివితే, మేకకు తల్లి పుట్టుకొచ్చి, "పరాయి పొలంల మేస్తవా హౌలే!" అని తిట్టింది. హాలు గొల్లుమంది. అధ్యక్షులవారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను పౌరుషంగా గొంతు పెంచి, మన ప్రాచీనులు విజ్ఞానపు బావులు అన్నాను. అంతే, మేక వెళ్లి బావిలో పడింది.

ముందు వరసలో రెండు జడల పిల్ల ఒకతి లేచి నిలబడి, కళ్లనిండా నీళ్లతో నన్నే చూస్తోంది, మాస్టరును కాదు. "ఫిర్ క్యా హువా?" తర్వాతేమైంది? నేను కంగారుగా పేజీలు తిప్పాను. ఐదు నుంచి ఎనిమిది దాకా సాహిత్య నిర్వచనాలు, తొమ్మిదిలో కృతజ్ఞతల ఆరంభం. పదకొండు పేజీల్లో ఎక్కడా ఒక్క తాడు లేదు. మాస్టరు నా చెవి దగ్గరికి వంగి గుసగుసగా, "జల్ది ఏమన్న చెప్పుండ్రి సాబ్, బకరి బావిల ఉన్నది," అన్నాడు.

కాగితాలు మడిచేశాను. రైతు పరుగెత్తుకొచ్చాడని ఉర్దూలో నేనే చెప్పాను. తలపాగా విప్పి బావిలోకి వదిలాడన్నాను. మేక దాన్ని పట్టుకోలేదు, నమలడం మొదలుపెట్టిందని మాస్టరు అందుకున్నాడు. తిననీ, పళ్ల మధ్య గట్టిగా ఇరుక్కుంది కదా, లాగమని నేనన్నాను. పిల్లలంతా లేచి లాగారు. చివరికి అధ్యక్షులవారు కూడా రెండు చేతులూ ముందుకు చాచడం నేను కళ్లారా చూశాను. మేక బయట పడింది, రెండు జడల పిల్ల కూర్చుంది. కార్యదర్శి మాత్రం ముఖం ముడుచుకుని, "దీంట్ల నీతి ఏదయ్యా?" అన్నాడు.

సభ అయ్యాక మాస్టరే నన్ను ఇరానీ హోటలుకు తీసుకుపోయాడు. "నేను చెప్పింది మీకు నిజంగా సమజ్ కాలేదా?" అని ఉక్రోషం ఆపుకోలేక అడిగాను. ఆయన సాసర్లో చాయ్ ఒంపుకుంటూ నింపాదిగా, "నల్లగొండల పదేండ్లు కొలువు చేసిన, సాబ్. మొత్తం సమజైంది. గందుకే బకరిని తోలిన," అన్నాడు.

అది అవమానమో ఆదరమో తేలక, ఆ ఇరవై రెండేళ్లవాడు ముఖం ముడుచుకుని చాయ్‌ని చల్లారబెట్టుకున్నాడు. పిల్లల కోసం రాసేవాడికి అంతకన్నా మంచి రోజు చాలాకాలం దొరకదని వాడికేం తెలుసు? పాపం, వాడు ఇప్పుడు ఎదురుపడితే పక్కన కూర్చుని వీపు తట్టి, ముందు ఆ చాయ్ తాగరా నాయనా అనేవాణ్ణి.