ఖాళీగా వదిలిన గడి

డిగ్రీ చదివే ఒక అమ్మాయి చేవెళ్ల నుంచి షేర్ ఆటోలో మా హిమాయత్‌నగర్ (పట్నంలోది కాదు, పల్లె) చేన్లకు వచ్చేది. టమాట తెంపే ఆడవాళ్ల మీద కాలేజీకి ప్రాజెక్టు రాస్తోంది. ప్రతి ప్రశ్నకూ ముందు ఒకటే మాట: "ఇష్టం లేకుంటే చెప్పకుండ ఉండొచ్చు అవ్వా." కూలికి పోయే మాకు ఆ మాట అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

"ఎంతవరకు చదువుకున్నవ్?" అని ఫారంలో ఒక గడి మీద పెన్ను పెట్టి నన్ను అడిగింది.

నాకప్పుడు ఒక్క అక్షరం రాదు. అది పదిమందిలో చెప్పుకోబుద్ధి కాలేదు.

"నేను చెప్ప," అన్నాను.

పక్క సాలులో ఉన్న మా వదిన ఊరుకోలేదు. "పిల్ల పాసు గావాలె, చెప్పవే! లేకుంటే నువ్వే ఏదోటి రాస్కో బిడ్డా."

"అట్ల రాయొద్దు. గడి ఖాళీగుంటే సార్ మార్కులు తగ్గిస్తడు. తగ్గించనీ," అని ఆ అమ్మాయి పెన్నుకు మూత పెట్టేసింది.

మరుసటి ఏడాది అట్ట వేసిన ప్రాజెక్టు చూపించడానికి వచ్చింది. అప్పటికి మహిళా సంఘంలో అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదివాను: "ఒకరు చెప్పడానికి ఇష్టపడలేదు."

"ఆమెకు ఇప్పుడు చదువొస్తదని రాస్కో," అన్నాను.

"మార్కులు గూడ వచ్చేసినయి అవ్వా. తగ్గినయి. ఇప్పుడు రాసినా మారవు."

"ఇష్టం లేకుంటే రాయకుండ ఉండొచ్చు," అన్నాను.

ఆ అమ్మాయి పెన్ను మూత తీసింది.